మంచు తుపాను వస్తోందంటే ఏం చేయాలి? ఊరి అలవాటును బట్టి సిద్ధమయ్యే తీరు

2014 జనవరి 28న అమెరికా దక్షిణాన ఉన్న అట్లాంటాలో పడిన మంచు మూడంగుళాల లోపే. మధ్యాహ్నం మంచు మొదలవగానే ఆఫీసులు, స్కూళ్ళు అన్నీ ఒకేసారి వదిలేశారు. ఊరు ఊరంతా రోడ్డెక్కింది. మంచు కరగడానికి రోడ్ల మీద ఉప్పు చల్లాల్సిన ట్రక్కులు ఆ ట్రాఫిక్‌లోనే చిక్కుకున్నాయి. టైర్ల కింద నలిగిన మంచు కాస్తా అద్దంలా గడ్డకట్టింది. అరగంటలో ఇల్లు చేరాల్సినవాళ్ళు ఎంతోమంది రాత్రంతా కార్లలో గడిపారు. వేలమంది పిల్లలు స్కూళ్ళలోనే పడుకున్నారు. అదే మూడంగుళాలు న్యూయార్క్ రాష్ట్రంలో నేనుండే బఫలో వైపు పడితే, పిల్లలు మామూలుగానే వీధి చివర స్కూలు బస్సు కోసం నిలబడి ఉంటారు.

ఏటా ఆగస్టులో మన పిల్లలు ఇక్కడికి చదువులకొస్తారు. నవంబరు రాగానే ఫోన్లు మొదలవుతాయి. "అన్నా, ఎన్ని అంగుళాలు పడితే డేంజర్?" అని అడుగుతారు. దీనికి అంగుళాల్లో జవాబు లేదు. మీ ఊరికి ఎంత మంచు అలవాటో, ఇప్పుడు ఎంత పడబోతోందో, ఆ రెండింటి మధ్య తేడాలోనే ప్రమాదం ఉంది. మొదటి చలికాలం చూడబోతున్నవాళ్ళకు ఫోన్లో చెప్పే పనులే ఇక్కడ వరసగా రాస్తున్నాను. ఎక్కువ భాగం అమెరికా, కెనడాల్లో ఉన్నవాళ్ళకు. చివర్లో శ్రీనగర్‌లో చదువుకునేవాళ్ళకు, మనాలీ చూడబోయేవాళ్ళకు కూడా కొంత ఉంది.

మొదటి పని: మీ ఊరి మంచు ఎలాంటిదో తెలుసుకోండి

మంచు అంతా ఒకటి కాదు. బఫలో, రోచెస్టర్, సిరక్యూస్ వైపు పడేది సరస్సు మంచు. నవంబరు, డిసెంబరుల్లో ఈరీ, ఒంటారియో సరస్సుల నీళ్ళు ఇంకా కాస్త వెచ్చగానే ఉంటాయి. వాటి మీదుగా గడ్డకట్టే గాలి వీచినప్పుడు ఆ తేమనంతా పీల్చుకుని ఒడ్డు దాటగానే మంచుగా కుమ్మరిస్తుంది. అది సన్నటి పట్టీలా పడుతుంది. 2022 నవంబరులో బఫలోకి దక్షిణాన ఉన్న ఆర్చర్డ్ పార్క్, హాంబర్గ్‌లలో ఆరడుగులకు పైగా పడితే, ఉత్తరం వైపు ఉన్న మాకు అందులో చిన్న వంతే పడింది. కాబట్టి ఈ ప్రాంతంలో "బఫలో వెదర్" అని చూస్తే సరిపోదు. మీ జిప్ కోడ్ కొట్టి చూడండి. మీరు వెళ్ళబోయే చోటు జిప్ కోడ్ కూడా చూడండి.

బోస్టన్, న్యూజెర్సీ వైపు సముద్రం మీది నుంచి వచ్చే తుపానుల్లో పడే మంచు చాలాసార్లు తడిగా, బరువుగా ఉంటుంది. కొమ్మలు విరుగుతాయి, కరెంటు తీగలు తెగుతాయి. అక్కడ ముందు ఆలోచించాల్సింది కరెంటు గురించి. మినియాపొలిస్, విన్నిపెగ్ లాంటి చోట్ల మంచుకన్నా చలి ఎక్కువ బాధ. విన్నిపెగ్‌లో కార్లకు ముందు నుంచి ప్లగ్ వేలాడుతూ కనిపిస్తుంది. రాత్రిపూట ఇంజన్ గడ్డకట్టకుండా సెల్‌ఫోన్‌కు చార్జింగ్ పెట్టినట్టు కారుకు కరెంటు పెడతారు. మినియాపొలిస్ డౌన్‌టౌన్‌లో దాదాపు 80 బ్లాకుల్ని రెండో అంతస్తులో అద్దాల వంతెనలతో కలిపేశారు, కోటు విప్పేసి తిరగొచ్చు.

డాలస్, ఆస్టిన్, అట్లాంటా, షార్లెట్‌లలో ఉన్నవాళ్ళు "మాకు మంచెక్కడిది" అనుకుంటారు. నాకు ఎక్కువ భయం వాళ్ళ గురించే. అక్కడ పడేది తక్కువే అయినా చాలాసార్లు వానగా పడి ఐసుగా మారుతుంది. ఇళ్ళు ఎండకు తట్టుకునేలా కట్టినవి, నీళ్ళ పైపులు అటకల మీద, బయటి గోడల్లో ఉంటాయి. 2021 ఫిబ్రవరిలో టెక్సస్‌లో 45 లక్షల ఇళ్ళకు, దుకాణాలకు కరెంటు పోయింది. ఆ రాష్ట్రం లెక్కలోనే 246 మంది చనిపోయారు. మంచులో పుట్టి పెరిగిన ఊళ్ళకు కూడా ఎప్పుడో గానీ అంత నష్టం జరగదు.

ఒక ఊరి ఉపాయం ఇంకో ఊరికి పనికిరాదు. జపాన్‌లో నీగాటా వైపు నగావొకా లాంటి ఊళ్ళలో రోడ్డు మధ్యలో పైపులు పాతి, భూగర్భ జలాన్ని చిన్న ఫౌంటెన్లలా చిమ్మిస్తారు. బోరు నీళ్ళు చలికాలంలో కాస్త వెచ్చగా ఉంటాయి కదా, పడ్డ మంచు పడ్డట్టే కరిగిపోతుంది. నీళ్ళలోని ఇనుముకు రోడ్లు తుప్పు రంగులోకి మారతాయి, అంతే. అదే పని ఇంకా ఉత్తరాన సప్పొరోలో చేస్తే ఆ నీళ్ళే గడ్డకట్టి రోడ్డు ఐసు దిబ్బవుతుంది. ఉప్పు సంగతీ అంతే. మామూలు రాతి ఉప్పు దాదాపు మైనస్ 9 డిగ్రీల సెల్సియస్ వరకే బాగా పనిచేస్తుంది. అంతకన్నా చలి ఉంటే కాల్షియం క్లోరైడ్ కొనాలి, లేదా జారకుండా ఇసుక చల్లుకోవాలి. ఉప్పు చల్లాను కదా అని ధీమాగా అడుగేసి నడుం విరగ్గొట్టుకున్నవాళ్ళు నాకు తెలుసు.

రెండో పని: హెచ్చరికను సరిగ్గా చదవండి

కోస్తా వాళ్ళకు ఇది సులువుగా అర్థమవుతుంది. ఓడరేవులో ఒకటో నంబరు ఎగరేస్తే ఒక లెక్క, పదో నంబరు ఎగరేస్తే ఇంకో లెక్క. ఇక్కడ అమెరికాలో నంబర్లు లేవు, మాటలున్నాయి. "వాచ్" అంటే రావచ్చు, సరుకులు తెచ్చుకోండి అని. "అడ్వైజరీ" అంటే ఇబ్బంది ఉంటుంది, జాగ్రత్త అని. "వార్నింగ్" అంటే వచ్చేసింది లేదా రావడం ఖాయం, ప్రయాణం మానుకోండి అని. "బ్లిజార్డ్ వార్నింగ్" అన్నిటికన్నా గట్టిది. గంటకు 35 మైళ్ళకు తగ్గని గాలి, పావు మైలు కూడా కనిపించని మంచు పొగ, కనీసం మూడు గంటల పాటు ఉంటే దాన్ని బ్లిజార్డ్ అంటారు. కొత్త మంచు పడక్కర్లేదు, నేల మీదున్నది లేచినా చాలు.

వార్నింగ్ వచ్చిందంటే మీ ప్రయాణం మీరే మానుకోండి. ప్రభుత్వం రోడ్లు మూసేదాకా ఆగొద్దు. 2022 డిసెంబరు 23న మా దగ్గర కార్లు తీయొద్దని ఆదేశం అమల్లోకి వచ్చేసరికి ఉదయం 9:30 అయింది. అప్పటికే చాలామంది పనులకు వెళ్ళిపోయారు. ఆ తర్వాత దాదాపు 37 గంటలు బ్లిజార్డ్ తగ్గలేదు. విమానాశ్రయం దగ్గర సుమారు 52 అంగుళాలు పడింది. అంబులెన్సులు, ఫైరింజన్లు కూడా మంచులో కూరుకుపోయాయి. 40 మందికి పైగా చనిపోయారు, వాళ్ళలో కొందరు కార్లలో, కొందరు వీధుల్లో, కొందరు హీటు లేని ఇళ్ళలో. మంచుకు పేరుపడ్డ ఊరే ఇది. అయినా అంత జరిగింది.

ఆ రోజు నేను కిటికీ దగ్గర నిలబడి చూస్తే ఎదురింటి గరాజ్ తలుపు కనిపించలేదు. మధ్యలో ఉన్నది ఒక్క వీధే. అందుకే చెబుతున్నాను, "పక్క వీధే కదా, నడిచి వెళ్ళొస్తా" అని మాత్రం అనుకోవద్దు.

మూడో పని: వారం ముందే ఇంట్లో పెట్టుకోవాల్సినవి

బియ్యం, పప్పు, ఉప్పు, చింతపండు మన ఇళ్ళలో ఎలాగూ ఉంటాయి. అయితే అపార్ట్‌మెంట్లలో పొయ్యిలు చాలావరకు కరెంటువి. కరెంటు పోతే పదికిలోల సోనామసూరి ఉన్నా మెతుకు ఉడకదు. కాబట్టి పొయ్యి వెలిగించకుండా తినగలిగేవి కనీసం మూడు రోజులకు సరిపడా ఉంచుకోండి: అటుకులు, మరమరాలు, బ్రెడ్డు, అరటిపళ్ళు, పల్లీ పట్టీ, ఖర్జూరం, పాలపొడి. వార్నింగ్ వచ్చిన రోజే పెద్ద గిన్నెడు పులిహోర కలిపి పెట్టుకుంటే రెండు పూటలు గడుస్తుంది. పసిపిల్లలుంటే పాలడబ్బా, డైపర్లు. ఇండియా నుంచి వచ్చిన అమ్మానాన్నలు ఉంటే బీపీ, షుగర్ మాత్రలు పది రోజులకు తగ్గకుండా. హుద్‌హుద్‌ను చూసిన విశాఖ వాళ్ళకు ఇదంతా కొత్త కాదు. ఒక్కటే తేడా. అక్కడ గాలి తగ్గగానే బయటికొచ్చి చూసుకోవచ్చు. ఇక్కడ గాలి తగ్గాక చలి ఇంకా పెరగొచ్చు.

నీళ్ళు కూడా నింపుకోండి. టెక్సస్‌లో 2021లో కోటిమందికి పైగా జనాన్ని నీళ్ళు కాచి తాగమన్నారు, చాలా ఇళ్ళలో కాచడానికి కరెంటు లేదు. తాగడానికి క్యాన్లు, వాడకానికి బాత్‌టబ్ నిండా. మంచు కరిగించుకుందాం లే అనుకుంటే, పొడి మంచు పది బకెట్లు కరిగితే వచ్చేది సుమారు ఒక్క బకెట్ నీళ్ళు.

ఇక రెండు వస్తువుల్లో బేరం వద్దు. ఒకటి, బ్యాటరీతో పనిచేసే కార్బన్ మోనాక్సైడ్ అలారం. ఆ గ్యాస్‌కు వాసన ఉండదు, రంగు ఉండదు. తలనొప్పి, వికారం, మగతతో మొదలై నిద్రలోనే ప్రాణం తీస్తుంది. రెండోది, మెయిన్ నీళ్ళ వాల్వ్ ఎక్కడుందో తెలిసి ఉండటం. ఇదేం వస్తువు అనకండి. పైపు పగిలినప్పుడు ఆ వాల్వ్ వెతకడానికి పట్టే పది నిమిషాల్లో ఇల్లు చెరువవుతుంది. ఈరోజే వెళ్ళి చూసి, ఒకసారి తిప్పి చూసి, ఇంట్లో అందరికీ చూపించండి. అపార్ట్‌మెంటయితే మెయింటెనెన్స్ వాళ్ళ రాత్రి నంబరు ఫోన్లో పెట్టుకోండి.

బట్టల గురించి రెండు ముక్కలు. ఒకే లావాటి కోటు కన్నా మూడు పొరలు మేలు. ఒంటికి ఆనుకుని పాలిస్టరో ఉన్నిదో, మధ్యలో ఫ్లీసో స్వెట్టరో, పైన గాలి, తడి దూరనిది. లోపల కాటన్ బనియన్ వద్దు, చెమటకు తడిస్తే ఆరదు, ఒంట్లో వేడినంతా లాగేస్తుంది. సాక్సులు కూడా అంతే. వేళ్ళు విడివిడిగా ఉండే గ్లవ్స్ కన్నా అన్ని వేళ్ళూ ఒకే సంచిలో ఉండేవి వెచ్చన. ఇండియాలోనే కోటు కొనేసి తెచ్చుకుందామనుకునే పిల్లలకు నా మాట: హైదరాబాద్ చలికి కుట్టిన కోటు ఇక్కడ అక్టోబరు దాటదు. బూట్లు, కోటు ఇక్కడికొచ్చాకే కొనుక్కోండి.

నాలుగో పని: తుపాను నడుస్తుండగా

చాలామందికి తెలియని పని ఒకటి ముందు చెబుతాను. కొత్త ఇళ్ళలో ఫర్నేస్, అంటే ఇంటిని వెచ్చబెట్టే యంత్రం పొగ చిమ్నీ గుండా పోదు. ఇంటి పక్క గోడలోంచి నడుం ఎత్తులో, ఒక్కోచోట మోకాలెత్తులోనే తెల్లటి ప్లాస్టిక్ గొట్టాలు బయటికి పొడుచుకొచ్చి ఉంటాయి. ఒకటి గాలి పీలుస్తుంది, ఇంకొకటి పొగ వదులుతుంది. గాలికి మంచు గోడవార మేట వేసి వాటిని మూసేస్తుంది. అప్పుడు ఫర్నేస్ ఆగిపోతే అదృష్టం, ఆగకపోతే కార్బన్ మోనాక్సైడ్ ఇంట్లోకే వస్తుంది. మొదటి ఏడాది నాకిది తెలియదు. తెల్లవారుజామున ఇల్లు చల్లబడింది. రిపేరు అతనికి ఫోన్ చేస్తే, "బయటికెళ్ళి గొట్టాలు చూశారా?" అన్నది అతని మొదటి మాట. వెళ్ళి చూస్తే గొట్టాలున్న చోట నున్నటి మంచు దిబ్బ ఉంది. చేత్తోనే తవ్వాను. అప్పటి నుంచి తుపాను ముందు ఆ గొట్టాల పక్కన ఎర్ర గుడ్డ కట్టిన కర్ర పాతుతున్నాను, మంచులో ఎక్కడ తవ్వాలో తెలియడానికి. గాలి కాస్త నెమ్మదించినప్పుడల్లా వెళ్ళి చుట్టూ రెండు మూడడుగులు తోడేస్తాను.

పైపులు గడ్డకట్టకుండా, బయటి గోడ వైపున్న కుళాయిని సన్నటి ధారగా వదలండి, వేడినీళ్ళదీ చన్నీళ్ళదీ రెండూ. సింకు కింద అల్మరా తలుపులు తెరిచి పెడితే గదిలో వేడి పైపులకు తగులుతుంది. సెలవులకు ఊరెళ్తున్నా హీటు ఆపేయొద్దు, 55 డిగ్రీల ఫారన్‌హీట్‌కు తగ్గకుండా పెట్టి వెళ్ళండి. కుళాయి తిప్పితే నీళ్ళు రాకపోతే పైపు గడ్డకట్టినట్టే. కుళాయి తెరిచే ఉంచి, హెయిర్ డ్రయ్యర్‌తో కుళాయి వైపు నుంచి మెల్లగా వేడి పెట్టుకుంటూ వెనక్కి వెళ్ళండి. మంట మాత్రం పెట్టొద్దు.

కరెంటు పోతే అందరూ ఒక్క గదిలోకి చేరండి. చిన్నది, ఎండ తగిలేది చూసుకోండి. తలుపు సందుల్లో తువ్వాళ్ళు కుక్కండి, కిటికీలకు దుప్పట్లు కట్టండి. పిల్లల్ని మధ్యలో పడుకోబెట్టుకోండి. బొగ్గుల కుంపటి, బార్బెక్యూ గ్రిల్, క్యాంపింగ్ స్టవ్ ఏదీ ఇంట్లోకి తేవద్దు. గరాజ్ తలుపు తెరిచి ఉన్నా సరే, లోపల కారు ఆన్ చేసుకుని కూర్చోవద్దు. జనరేటర్ ఉంటే ఇంటికి కనీసం 20 అడుగుల దూరంలో, కిటికీలకు ఎడంగా పెట్టాలి. హ్యూస్టన్‌లో 2021లో చలికి తాళలేక ఈ పనులు చేసి వందలమంది ఆసుపత్రుల పాలయ్యారు. వాళ్ళకు తెలివి లేక కాదు, పిల్లలు వణుకుతుంటే ఎవరైనా ఏదో ఒకటి వెలిగించాలనే చూస్తారు. అందుకే ముందుగా తెలిసి ఉండాలి.

ఐదో పని: మంచు తోడటం

ఇది మొరటు పని అనిపిస్తుంది గానీ ఒడుపు తెలియాలి. పదహారడుగుల వెడల్పు, ముప్పైమూడు అడుగుల పొడవు ఉన్న డ్రైవ్‌వే, అంటే గరాజ్ నుంచి రోడ్డు దాకా ఉండే దారి మీద అడుగు మంచు పడిందనుకోండి. పొడి మంచయినా సుమారు 1,500 కిలోలు. మన లెక్కలో ఇరవై బస్తాల వడ్లు. తడి మంచయితే రెండింతలు, మూడింతలు. ఆఫీసు కుర్చీలో కూర్చునే ఒళ్ళు ఒక్కసారిగా చలిలోకి వెళ్ళి అంత బరువు ఎత్తితే గుండె మీద ఎంత భారం పడుతుందో ఆలోచించండి. ప్రతి చలికాలం మంచు తోడుతూ గుండెపోటుతో పోయేవాళ్ళు ఉంటారు. నలభై ఐదు దాటినవాళ్ళు, బీపీ, షుగర్ ఉన్నవాళ్ళు డబ్బు పోయినా ఇంకొకరి చేత చేయించుకోండి. మొహమాటపడాల్సిన పని కాదు.

మీరే చేసేటట్టయితే, తుపాను ఆగేదాకా ఎదురుచూడకుండా నాలుగంగుళాలు పడినప్పుడల్లా ఒకసారి తోసేయండి. ఎత్తి పోయడం కన్నా నేల మీద నెట్టుకుంటూ పోవడం మేలు. ఎత్తక తప్పకపోతే సగం పారే నింపండి, మోకాళ్ళు వంచి లేవండి, నడుం తిప్పి భుజం మీదుగా విసరొద్దు. పారకు నూనె పూసుకుంటే మంచు అంటుకోదు. మా ఇంట్లో దోసె పెనానికి రాసే నూనే రాస్తాం.

డ్రైవ్‌వే చివర ఇంకో కిటుకు ఉంది. మీరు రోడ్డు వైపు తిరిగి నిలబడితే, అమెరికాలో మంచు తోసే ట్రక్కు మీ ఎడమ నుంచి కుడికి పోతుంది. కాబట్టి మీరు తోడిన మంచును కుడి పక్కన పోయండి. ఎడమ పక్క పోస్తే ట్రక్కు దాన్నంతా మళ్ళీ మీ వాకిట్లోకే నెడుతుంది. ఓపికుంటే ఎడమ పక్క రోడ్డు అంచున పది అడుగుల మేర ఖాళీ చేసి పెట్టండి, ట్రక్కు మోసుకొచ్చే మంచు అక్కడ పడిపోతుంది.

ఇంటి ముందు కాలిబాట శుభ్రం చేయడం చాలా ఊళ్ళలో ఇంటివాళ్ళ బాధ్యత. న్యూయార్క్ నగరంలో పగటిపూట మంచు ఆగితే నాలుగు గంటల్లో తీసేయాలి, లేకపోతే జరిమానా. పార్కింగ్ విషయంలో ఊరి మర్యాద కూడా తెలుసుకోండి. బోస్టన్‌లో, షికాగోలో ఎవరైనా వీధిలో తన కారు చోటు తవ్వుకుని అక్కడ కుర్చీ పెట్టి వెళ్తే, ఆ చోటు వాళ్ళదే. చట్టం ఏం చెప్పినా సరే, ఆ కుర్చీ జరిపి మీ కారు పెట్టకండి. మాంట్రియల్‌లో మంచు తీసే ముందు సైరన్ మోగిస్తూ, కార్లను లాక్కెళ్ళే టో ట్రక్కు వస్తుంది, వినపడగానే పరుగెత్తి కారు తీసేయాలి. మినియాపొలిస్‌లో "స్నో ఎమర్జెన్సీ" ప్రకటిస్తే మూడు రోజుల పాటు ఏ రోజు ఏ పక్క పార్కింగ్ కూడదో నియమాలుంటాయి. నగరం మెసేజ్‌లకు రిజిస్టర్ చేసుకుంటే టోయింగ్ ఖర్చు తప్పుతుంది.

ఆరో పని: కారు, రోడ్డు

టైర్ల మీద ఖర్చుకు వెనకాడొద్దు. ఏడు డిగ్రీల సెల్సియస్ దిగువన మామూలు టైరు రబ్బరు గట్టిపడి పట్టు వదిలేస్తుంది, వింటర్ టైరు మెత్తగానే ఉంటుంది. క్యుబెక్‌లో డిసెంబరు 1 నుంచి మార్చి 15 దాకా వింటర్ టైర్లు చట్టప్రకారం తప్పనిసరి. ఫోర్ వీల్ డ్రైవ్ ఉంది కదా అని ధైర్యం వద్దు. అది కదలడానికే సాయం, ఆగడానికి కాదు.

కారు పైకప్పు మీది మంచు కూడా పూర్తిగా దులపండి. బ్రేకు వేస్తే అది జారి మీ అద్దం మీదికే వస్తుంది, వేగంగా పోతుంటే పలకలా ఎగిరి వెనక కారు అద్దం పగలగొడుతుంది. న్యూజెర్సీలో దీనికి జరిమానా ఉంది. అద్దం మీద వేడినీళ్ళు పోయొద్దు, ఫట్‌మని పగులుతుంది. వంతెనలు రోడ్డు కన్నా ముందు గడ్డకడతాయి. వంతెన ఎక్కేముందే వేగం తగ్గించండి, వంతెన మీద బ్రేకు వేయొద్దు.

డిక్కీలో ఉండాల్సినవి: దుప్పటి, చిన్న పార, టార్చి, చార్జర్, నీళ్ళు, పల్లీ పట్టీలు, ఎర్రగుడ్డ, ఒక సంచి ఇసుక. ట్యాంకు ఎప్పుడూ సగానికి తగ్గనీయొద్దు. 2022 జనవరి 3 రాత్రి వర్జీనియాలో ఐ-95 హైవే మీద వందల వాహనాలు ఆగిపోయాయి. ముందు వాన పడటంతో రోడ్డుకు ముందుగా ఉప్పు వేయలేకపోయారు, వేసినా కొట్టుకుపోయేది. ఆ తర్వాత మంచు. సెనేటర్ టిమ్ కేన్ కూడా 27 గంటలు అందులో ఇరుక్కున్నారు. ఎంత పెద్దవాళ్ళయినా అప్పుడు ఆదుకునేది కారులో ఉన్న పెట్రోలు, తిండే.

ఇరుక్కుంటే చేయాల్సింది ఇదీ. కారు వదిలి నడవొద్దు. 911కి ఫోన్ చేసి ఎక్కడున్నారో చెప్పండి. యాంటెన్నాకో అద్దానికో ఎర్రగుడ్డ కట్టండి. ఇంజన్ స్టార్ట్ చేసే ముందు, ప్రతిసారీ, దిగి వెనక్కి వెళ్ళి పొగ గొట్టం చుట్టూ మంచు తీయండి. గంటకు పది నిమిషాలే ఇంజన్ నడపండి, గాలి వీచే వైపు కాకుండా రెండో వైపు కిటికీ వేలెడంత దించి పెట్టండి. 2016 జనవరి తుపానులో న్యూజెర్సీలోని పసాయిక్‌లో తండ్రి కారు చుట్టూ మంచు తోడుతుంటే, చలి తగలకూడదని తల్లీ పిల్లలూ ఇంజన్ నడుస్తున్న కారులో కూర్చున్నారు. పొగ గొట్టం మంచులో మూసుకుపోయి ఉంది. ఆ తల్లి, ఏడాది బిడ్డ చనిపోయారు. ఇంటి ముందే, తండ్రి రెండడుగుల దూరంలో ఉండగానే. ఇది చదివిన మీరు ఇంకో నలుగురికి చెప్పండి.

ఏడో పని: నడక, ఒంటికి చలి దెబ్బ

వానాకాలంలో పొలం గట్టు మీద నడవడం గుర్తుందా? పాదం మొత్తం ఆనించి, చిన్న చిన్న అడుగులు, మోకాళ్ళు కాస్త వదులుగా, చేతులు ఖాళీగా. ఐసు మీద నడక కూడా అదే. జేబుల్లో చేతులు పెట్టుకుంటే పడినప్పుడు ఆనుకోలేరు. నల్లగా తడిగా మెరిసే రోడ్డు తడి కాదు, ఐసు అనే అనుకోండి.

గాలితో కలిపి మైనస్ 28 డిగ్రీల సెల్సియస్ అనిపించే చలిలో కప్పుకోని చర్మం అరగంటలో దెబ్బతింటుంది. ముందు మంట, తర్వాత తిమ్మిరి, తర్వాత ఏమీ తెలియదు. తెలియకపోవడమే ప్రమాదం. మన రంగు చర్మం మీద ఎరుపు సరిగ్గా కనపడదు, బూడిద రంగులోనో పాలిపోయినట్టో ఉండి మైనంలా గట్టిగా తగిలితే అదే. రుద్దొద్దు, మంట దగ్గర పెట్టొద్దు. గోరువెచ్చని నీళ్ళలో ముంచండి, వేడి సరిపోయిందో లేదో ఆ చేత్తో కాక వేరేవాళ్ళ మోచేత్తో చూడండి. ఎవరైనా వణికి వణికి ఒక్కసారిగా వణుకు ఆగి, మాట ముద్దగా వచ్చి, పొంతన లేకుండా మాట్లాడుతుంటే వెంటనే 911. తడి బట్టలు తీసేసి ముందు ఛాతీని, పొట్టను వెచ్చబెట్టండి.

అపార్ట్‌మెంట్లలో ఉండే పిల్లలకు ఒక మాట. చెత్త పారేయడానికి చెప్పులతో, టీషర్టుతో వెళ్తే వెనక తలుపు దానంతటదే లాక్ అయిపోతుంది. రెండు నిమిషాల పనికైనా తాళంచెవి, ఫోను, కోటు ఉండాలి.

శ్రీనగర్, మనాలీ వైపు

శ్రీనగర్ ఎన్‌ఐటీలో మన పిల్లలు ఏటా చేరుతుంటారు. అక్కడ డిసెంబరు 21 నుంచి 40 రోజులు చిల్లై కలాన్, చలి ముదిరే కాలం. ఊరంతా దానికి ముందే సిద్ధమవుతుంది. మన వంకాయ వరుగుల్లాగే అక్కడ సొరకాయ, వంకాయ, టమాటా ఎండబెట్టి దాచుకుంటారు. ఫెరన్ అనే పొడుగు చొక్కా లోపల కాంగ్డీ, అంటే బుట్టలో నిప్పుల కుండ పెట్టుకుంటారు. దాన్ని చూసి మీరూ కొనుక్కుంటే సంతోషమే గానీ, తలుపులు మూసిన గదిలో పక్కన పెట్టుకుని నిద్రపోవద్దు. జమ్మూ రోడ్డు రామ్‌బన్, బనిహాల్ దగ్గర తరచూ మూసేస్తారు. సంక్రాంతికి ఇంటికి రావాలంటే ముందూ వెనకా రెండు రోజులు వదులుకుని టికెట్లు తీసుకోండి, ట్రాఫిక్ పోలీసుల ప్రకటన చూసి బయల్దేరండి.

మనాలీకి కారులో వెళ్ళేవాళ్ళు రోడ్డు మీద మంచు మొదలైతే అటల్ టన్నెల్ అవతలికి వెళ్ళాలనే ఆశ వదులుకుని వెనక్కి తిరగండి. టన్నెల్ లోపల మంచు ఉండదు, దాని రెండు చివరలా ఉంటుంది. 2022 జనవరిలో పాకిస్తాన్‌లోని ముర్రీలో మంచు చూడ్డానికి వెళ్ళి, కార్లలోనే రాత్రి గడిపి 20 మందికి పైగా చనిపోయారు. వాళ్ళూ కుటుంబాలతో సెలవుకు వెళ్ళినవాళ్ళే.

తుపాను వెళ్ళాక

గాలి ఆగి ఎండ వస్తుంది, అంతా తెల్లగా మెరుస్తుంది, ఫొటోలు తీసుకోవాలనిపిస్తుంది. ముందు ఫర్నేస్ గొట్టాలు చూడండి, తర్వాత పక్కింటి ముసలివాళ్ళ తలుపు తట్టండి. చూరు కింద, వేలాడే ఐసు ముక్కల కింద పిల్లల్ని నిలబడనీయొద్దు. పైకప్పు మీదికి ఎక్కి మంచు తోడే సాహసం మాత్రం వద్దు. జపాన్‌లో ఏటా ఈ పని చేస్తూ జారిపడి పోయేవాళ్ళు ఉన్నారు, వాళ్ళలో ఎక్కువమంది పెద్దవాళ్ళే. పొడుగు కర్రకు రేకున్న రూఫ్ రేక్‌తో కింద నిలబడే లాగండి. మీ ఇంటి దగ్గర ఫైర్ హైడ్రెంట్, అంటే ఫైరింజన్లకు నీళ్ళిచ్చే కుళాయి ఉంటే దాని చుట్టూ మూడడుగులు తవ్వి పెట్టండి. వాడేసిన పల్లీ పట్టీలు, బ్యాటరీలు, ఉప్పు ఆ సాయంత్రమే మళ్ళీ నింపుకోండి. మా వైపు వారం తిరిగేసరికి ఇంకో తుపాను రావడం మామూలే.